జీరో టికెట్

ఖాజాగూడ,
గురువారం మధ్యాహ్నం.

ప్రియమైన శ్రీలతకు,

ఇక్కడ అమ్మ, నేను, మన బిడ్డ కిరణ్మయి ముగ్గురం ఒంట్లో ఏ నలతా లేకుండా ఉన్నాం. అక్కడ కువైట్‌లో నీ ఆరోగ్యం కూడా అట్లాగే ఉండాలనీ, వేళకు ఇంత తిని నిద్రపోతున్నావనీ నమ్ముకుంటూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నోటితో ఒక భాష, కలంతో ఒక భాష అని నన్ను చూసి నవ్వుతుంటావు. ఈసారి కూడా నవ్వుకో. కానీ చివరిదాకా చదువు.

సుబ్బలక్ష్మి అక్క సెలవు అయిపోయింది. ఈ రాత్రి విమానానికి వెళ్తున్నది. మూసాపేటలో వాళ్ళ చెల్లెలి ఇంటి నుంచి శంషాబాద్‌కు నా కారులోనే తీసుకెళ్తున్నాను. నువ్వు పనిచేసే ఇంటి పక్క ఇంట్లోనే ఆమె పని కాబట్టి, దిగగానే ఈ ఉత్తరం నీ చేతిలో పెడతానని మాట ఇచ్చింది. పొద్దున్నే ఫోన్ చేసి, "ఉత్తరం మర్చిపోకండి మధుకర్ గారూ, శ్రీలత నన్ను గుమ్మంలోనే అడుగుద్ది" అన్నది. మంచి మనిషి. నువ్వు పంపిన ఖర్జూరాలు, బిడ్డకు చేతి గడియారం, నీ ఉత్తరం అన్నీ జాగ్రత్తగా తెచ్చి ఇచ్చింది.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. అమ్మ కంటికి ఆపరేషన్ బాగానే అయింది. ఇప్పుడు బియ్యంలో మెరిగెలు తనే ఏరుతున్నది, నాకు గడ్డం తెల్లబడిందని కూడా కనిపెట్టింది. నా నడుము నొప్పి తగ్గింది. క్యాబ్ కంపెనీ వాళ్ళు రాత్రి షిఫ్టు తీసేసి పొద్దున, సాయంత్రం ట్రిప్పులు ఇచ్చారు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసులకు పోయే పిల్లలను దింపి, మళ్ళీ ఎక్కించుకునే మధ్యలో నాలుగు గంటలు ఖాళీ. అందుకే చెరువు పక్కన చెట్టు నీడ చూసి కారు ఆపుకొని, స్టీరింగ్ మీద అట్ట పెట్టుకొని రాస్తున్నాను. ఇల్లు మారలేదు. కిరాయి ఇంటివాళ్ళు మంచివాళ్ళే. నల్లా మాత్రం రోజు తప్పించి రోజు వస్తున్నది.

ఇంకో రెండు మాటలు అడిగావు. బిడ్డ ఇంగ్లీషులో మాట్లాడుతుంటే కొంచెం రికార్డు చేసి పంపమన్నావు, ఆ ఇంటి మేడంకు వినిపిస్తానన్నావు. ఆ తర్వాత అడిగావు, ఫోన్‌లో బిడ్డ ఎందుకు అంత పొడిపొడిగా మాట్లాడుతున్నది, నా మీద అలిగిందా అని.

అలగలేదు శ్రీలతా. ఎందుకట్లా మాట్లాడుతున్నదో చెప్పాలంటే రెండేళ్ళ వెనక్కి పోవాలి. ఫోన్‌లో చెప్పలేకపోయాను. వారానికి ఒక్కసారి నీ చేతికి ఫోన్ వస్తుంది, ఆ కాసేపట్లో అమ్మ మాట్లాడాలి, బిడ్డ మాట్లాడాలి, నేను మాట్లాడేసరికి అక్కడ నిన్ను పిలుస్తారు. బిడ్డ పక్కనే ఉండగా ఆమె గురించి చెప్పడం కుదరదు. ఇవన్నీ సాకులే అని నీకనిపిస్తే కాదనను.

నువ్వు మొదటిసారి పోయినప్పుడు కిరణ్మయి జనగామ దగ్గర మన ఊరి బడి వదిలి ఇక్కడి ఇంగ్లీషు మీడియం బడిలో ఏడో తరగతిలో చేరింది. నీకు గుర్తుందా, ఎంత వాగుడుకాయ. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళ ఊరు, పేరు, పిల్లలెంతమంది అన్నీ అడిగేది. ఏడు, ఎనిమిది ఎట్లాగో గడిచాయి. తొమ్మిది మొదలయ్యే ముందు నువ్వు సెలవు మీద వచ్చి వెళ్ళావు. నువ్వు వెళ్ళాక ఆషాఢంలో బడివాళ్ళు ఒక పరీక్ష పెట్టి, మార్కులను బట్టి సెక్షన్లు మళ్ళీ కలిపారు. మన బిడ్డ చివరి సెక్షన్‌లో పడింది.

ఆ సెక్షన్‌ను పై అంతస్తుకు, నీళ్ళ ట్యాంకు పక్క గదికి పంపారు. ఒక్కో సెక్షన్‌కు ఐడీ కార్డు పట్టీ ఒక్కో రంగు. వీళ్ళది ఎరుపు. కంప్యూటర్ గదికి వీళ్ళ వంతు రాదు, ఆటల పీరియడ్‌లో కూడా స్టడీ అని కూర్చోబెట్టేవారట. నాకు ఇవేవీ తెలియవు. బిడ్డ బడి గేటు దాటగానే పట్టీ తీసి సంచిలో వేసుకోవడం మాత్రం చూశాను. మెడ దగ్గర చెమట పడుతున్నదేమో అనుకున్నాను.

తర్వాత సోమవారం వచ్చిందంటే కడుపు నొప్పి. సోమవారం పరీక్ష ఉంటుంది. దవాఖానకు తీసుకెళ్ళాను. స్కానింగ్‌లో ఏమీ లేదు. డాక్టరమ్మ మందు రాయకుండా, "ఏ క్లాస్ చదువుతున్నవమ్మా?" అని అడిగింది. కిరణ్మయి గోడ వైపు చూసింది. ఆ రోజు ఇంటికి వస్తుంటే నేను అడిగాను.

"బడిల సార్లు తిడుతున్నరా బిడ్డా? కొడుతున్నరా?"

"లేదు నాన్నా. మా క్లాసుల ఎవ్వలు తిట్టరు."

"మరి మంచిదే కద."

"హోంవర్క్ చేసినా చూడరు, చెయ్యకున్నా అడగరు. బోర్డు మీద రాస్తరు, మేం ఎక్కించుకుంటం. గంట గొట్టంగనె పోతరు. గంతే."

నేను ఆ మాటను పట్టించుకోలేదు. తిట్టని బడి అంటే మంచి బడే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, వంట పాడైపోయిందని తెలిశాక ఉప్పు సరిచూడరు కదా, అట్లా ఆ పిల్లలను చూడటం మానేశారు.

డిసెంబర్‌లో ప్రిన్సిపల్ రామ్మోహనరావు గారు పిలిపించారు. వెళ్ళేసరికి కిరణ్మయి ఆయన టేబుల్ పక్కన నిలబడి ఉంది. ఆయన మర్యాదస్తుడు. లేచి నమస్కారం పెట్టి, కాఫీ తెప్పించాడు.

"మీ అమ్మాయి చాలా పద్ధతైన పిల్లండి. ఇప్పటిదాకా ఒక్క కంప్లైంట్ లేదు. కానీ టెన్త్ దాటడం కష్టమండి. ఇలాంటి పిల్లల్ని మేము చాలామందిని చూశాం కదండి, తొమ్మిదిలోనే తెలిసిపోతుంది."

"బిడ్డను బయటికి పంపి మాట్లాడుదాం సార్" అన్నాను.

"పర్వాలేదండి. తనకి కూడా తెలియాలి కదా. అందరికీ చదువే రావాలని లేదు, కుట్టుపని, బ్యూటీషియన్, బోల్డన్ని ఉన్నాయి. ఇక్కడే ఉంచుతానంటే ఈ సంవత్సరం తొమ్మిదిలోనే ఆపేయాల్సి వస్తుంది. వెళ్ళిపోతానంటే పాస్ అని రాసి టీసీ ఇచ్చేస్తాం. ఇంకెక్కడైనా చేర్చుకోవచ్చు. మీకు మేలే చేస్తున్నామండి."

"జర టైమియ్యండి సార్. వాళ్ళమ్మ ఈ బడి కోసమే దేశం కాని దేశంల కష్టపడుతున్నది."

నీ మాట ఎత్తగానే కిరణ్మయి తల ఇంకా కిందికి వంగిపోయింది. కాఫీ ముట్టుకోకుండా వచ్చేశాను. నిజం చెబుతున్నాను శ్రీలతా, బయటికి వచ్చాక నాకు ఆయన మీద కోపం రాలేదు. బిడ్డ మీద వచ్చింది. నువ్వు అక్కడ ఎవరివో గిన్నెలు తోముతుంటే ఇది ఇక్కడ చదవలేకపోయిందా అనిపించింది. ఆమెతో ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

మేము ఇంకా బడి గేటు దాటకముందే క్లాస్ టీచర్ జ్యోత్స్న మేడం వెనక నుంచి వచ్చింది. చిన్న వయసు, వరంగల్ వైపు పిల్ల. అటూ ఇటూ చూసి అన్నది, "అన్నా, ఏమనుకోకు. ఆ పిల్లకు చదువు రాదని కాదు. ఆ సెక్షన్ మీద టైం పెట్టొద్దని మాకు చెప్పిండ్రు. మంచి సార్లను కింద అంతస్తుల సెక్షన్లకే ఏస్తరు. ఇక్కడ ఉంటే ఆ పిల్లకు ఎవ్వలు చెప్పరు. తీస్కపోయి ఇంకోకాడ చేర్పియ్యి." అంతే చెప్పి గబగబా లోపలికి పోయింది. అయినా నేను తీసుకుపోలేదు. నీకేం చెప్పాలో తెలియక ఆ నెల, పై నెల అట్లాగే గడిపేశాను.

ఫిబ్రవరిలో ఒకరోజు మాదాపూర్‌లో ట్రిప్పు దింపుతుంటే తెలియని నెంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"అన్నా, నేను ఆర్టీసీ కండక్టర్‌ను మాట్లాడుతున్న. కిరణ్మయి మీ బిడ్డనేనా?"

ఏమైందని అరిచాను. ఆమెకు అర్థమైనట్టుంది, వెంటనే అన్నది, "ఫికర్ చెయ్యకు, బిడ్డ మంచిగనే ఉన్నది. లింగంపల్లి బస్టాండుల నా పక్కనే కూసున్నది. జర జల్ది వస్తవా?"

కారు ఎట్లా నడిపానో తెలియదు. వెళ్ళేసరికి బస్టాండ్ బెంచీ మీద బడి డ్రెస్సులో కూర్చొని ఉంది. మెడలో పట్టీ లేదు. కండక్టర్ నన్ను పక్కకు తీసుకెళ్ళి చెప్పింది.

"ఈ వారంల నా బస్సుల చానసార్లు చూసిన అన్నా. పొద్దున ఎక్కుతది, ఆఖరి స్టాపు దాక వస్తది, మల్ల గదే బస్సుల వాపస్ పోతది. ఆధార్ చూపిస్తది, ఆడోళ్ళకు పైసల్లేకుండ ఇచ్చే జీరో టికెట్ తీస్కుంటది, కిటికి పక్కన కూసుంటది. లొల్లి లేదు, ముచ్చట లేదు. ఇయ్యాల నాకే మనసున పట్టక అడిగిన. ఏడికి పోవాలె బిడ్డా అంటె, ఏడికి లేదు ఆంటీ అన్నది. ఆ మాట ఇని భయమైంది. నీ నంబర్ అడిగితె ఇచ్చింది."

అవతల డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. నేను వచ్చేదాకా బస్సు కదలనివ్వలేదట. ఆమె బిడ్డ తల నిమిరి బస్సు ఎక్కి వెళ్ళిపోయింది. ఆమె పేరు కూడా అడగలేదు నేను. ఆ తర్వాత ఆ రూట్‌లో చాలాసార్లు చూశాను, కనపడలేదు.

అప్పటికి వారం కావచ్చింది బిడ్డ బడికి పోక. బడి నుంచి ఒక్క ఫోన్ లేదు. వార్షికోత్సవానికి కుటుంబంతో రమ్మని మెసేజ్ మాత్రం వచ్చింది. వాళ్ళకు ఆమె రాని సంగతే తెలియలేదు. బస్సులో టికెట్లు కొట్టే మనిషి కనిపెట్టింది.

కారులో వెనక సీటులో కూర్చోబోయింది. ముందుకు రమ్మన్నాను. కొత్తగూడ దాటాం. అప్పుడు అడిగాను.

"బస్సుల ఎందుకు తిరిగినవు బిడ్డా?"

"బస్సుల ఎవ్వలు ఏం అడగరు నాన్నా."

"బడిల గూడ అడగరంటివి కద."

ఒళ్ళో సంచి సర్దుకున్నది. "బడిల అడగకపోతె నేను లేనట్టు ఉంటది. బస్సుల అడగకపోతె, ఊకె కూసున్నట్టు ఉంటది."

సిగ్నల్ పడింది. ఆమె ముందుకు చూస్తూనే అడిగింది, "నేను ఫెయిలైతె అమ్మకు ఏమని చెప్తవు నాన్నా?"

తెల్వదు బిడ్డా అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఆ క్షణంలో మాత్రం నాకు ఒకటి స్పష్టంగా తెలిసింది. ఈ పిల్ల పరీక్షకు భయపడటం లేదు, నీకు భయపడుతున్నది. నువ్వు అంత దూరంలో ఉండటానికి కారణం తానేనని, తాను పనికిరాకపోతే నీ కష్టమంతా వృథా అని, ఆ చిన్న తలలో ఎవరూ పెట్టకుండానే పెరిగిపోయింది. మనం ప్రతి ఫోన్‌లో "మంచిగ చదువుకో బిడ్డా, నీకోసమే" అన్న మాట ఆమె మీద ఎంత బరువైందో మనకు తెలియలేదు.

ఇక్కడిదాకా రాసి కొంచెంసేపు కారు దిగి నిలబడ్డాను. ఇక చెప్పక తప్పదు.

నువ్వు ఇల్లు వదిలి ఏ బడి కోసం పోయావో, ఆ బడిలో మన బిడ్డ లేదు శ్రీలతా. ఏడాది దాటింది. తొమ్మిది పరీక్షలు అవగానే నేను వెళ్ళి టీసీ తీసుకున్నాను. వాళ్ళు చెప్పినట్టే పాస్ అని రాసి ఇచ్చారు. చెరువు అవతల ఉన్న సర్కారు హైస్కూల్‌లో పదిలో చేర్పించాను. నెల నెలా నువ్వు ఫీజు కట్టావా అని అడిగినప్పుడు అంతా సరిగ్గా ఉందన్నాను. నువ్వు పంపినదంతా బ్యాంకులో బిడ్డ పేరు మీద అట్లాగే ఉంది.

ఇంకొకటి. పోయిన జూన్‌లో పదో తరగతి మొదటి రోజని బిడ్డ ఫోటో పంపమన్నావు. ఫోటోలో నువ్వు చూసింది పాత బడి డ్రెస్సు. కొత్త బడి డ్రెస్సులో వద్దని, పాతది తనే పెట్టెలోంచి తీసి, ఇస్త్రీ చేసుకొని తొడుక్కుంది. డ్రెస్సు చేతులు పొట్టిగా అయ్యాయని తన చేతులు వెనక్కి కట్టుకొని నిలబడింది. "అమ్మ అందరికి చూపించుకుంటది నాన్నా, తియ్యి" అన్నది. నేను తీశాను. తీసిన తర్వాత ఆమె లోపలికి వెళ్ళి ఆ డ్రెస్సు విప్పి, సర్కారు బడి డ్రెస్సు వేసుకొని, సంచి తగిలించుకొని బడికి పోయింది. అప్పటినుంచి నీతో ఫోన్‌లో మాట్లాడాలంటే ఆమెకు భయం. నిజం ఎక్కడ బయటపడుతుందోనని రెండు ముక్కలు చెప్పి నానమ్మ చేతికి ఫోన్ ఇచ్చేస్తుంది. నువ్వు అడిగినదానికి జవాబు ఇదే. కోపం వస్తే నా మీద పెట్టుకో. ఆమె మీద వద్దు.

సర్కారు బడి బంగారమని చెప్పను. బెంచీలు చాలవు. లెక్కల సారు వేణు గారిని సర్వే డ్యూటీ అని కొన్ని వారాలు తీసుకెళ్ళిపోయారు. వానాకాలం ఒక గది కురిసింది. కానీ చేర్చుకునే రోజు హెడ్‌మాస్టరమ్మ రోహిణి మేడం నన్ను కూర్చోబెట్టి, బిడ్డతో మాట్లాడింది. మార్కులు అడగలేదు. "ఏ సబ్జెక్ట్ చూస్తే భయం నీకు?" అని అడిగింది. "అన్ని" అన్నది కిరణ్మయి. "భయం ఎప్పటినుంచి?" అని అడిగింది. ఆ ప్రశ్న నేను కూడా ఎన్నడూ అడగలేదు. బిడ్డ మొదటిసారి తలెత్తి, "ఏడో తరగతి నుంచి" అన్నది.

వేణు సారు పొద్దున ప్రత్యేక తరగతుల్లో అక్కడినుంచే మొదలుపెట్టాడు. ఒకరోజు ఇంటికి వచ్చి అన్నది, "నాన్నా, ఎల్‌సీఎం అంటె కసాగునే అంట." నాకు మొదట అర్థం కాలేదు. మన ఊరి బడిలో ఆరో తరగతిలో కసాగు, గసాభా, భిన్నాలు అన్నీ తెలుగులో గడగడా చేసేది కదా. ఇక్కడికి వచ్చాక ఎల్‌సీఎం, ఫ్రాక్షన్స్ అంటుంటే అవేవో కొత్త లెక్కలనీ, అందరికీ ముందే వచ్చనీ, తనకొక్కదానికే రావనీ అనుకుంది. అడిగితే నవ్వుతారని అడగలేదు. అడగని పిల్లకు రాదని రాసుకున్నారు. వచ్చిన లెక్కలే రావనుకుంటూ నా బిడ్డ మూడేళ్ళు కూర్చుంది శ్రీలతా. ఆ మాట చెప్పినప్పుడు తను నవ్వింది. నేను మాత్రం కంచం పక్కకు పెట్టేశాను.

ఇంకో రోజు ఇంట్లోకి వస్తూనే, "ఇయ్యాల సారు నన్ను గట్టిగ తిట్టిండు నాన్నా, హోంవర్క్ చెయ్యలేదని" అన్నది. అదేదో బహుమతి వచ్చినట్టు చెప్పింది. అమ్మ, "తిడితె గంత సంబురమేందే" అని నోరు వెళ్ళబెట్టింది.

ఇక నిన్నటి సంగతి. పదో తరగతి ఫలితాలు వచ్చాయి.

నేను ట్రిప్పులు వేరేవాళ్ళకు ఇచ్చి ఇంట్లోనే ఉన్నాను. ఎందుకో నీకు చెప్పక్కరలేదు. ఫలితాల రోజున టీవీలో వచ్చే వార్తలు నువ్వూ చూశావు, నేనూ చూశాను. అమ్మ కూడా పొద్దున్నుంచి గడప మీద చింతపండు ముందేసుకొని కదలలేదు. మధ్యాహ్నం నా ఫోన్‌లోనే నెంబర్ కొట్టి చూసుకుంది.

"లెక్కలు పోయినయి నాన్నా" అన్నది.

మిగతావన్నీ పాస్. ఇంగ్లీషులో కూడా. లెక్కల్లో కొద్దిలో తప్పింది.

ఫోన్ నా చేతిలో పెట్టి, గోడకు ఆనుకొని కూర్చొని ఏడ్చింది. గట్టిగా, వీధి వినేటట్టు ఏడ్చింది. ఈ రెండేళ్ళలో ఆమె ఏడుపు నేను వినలేదు. ప్రిన్సిపల్ గదిలో ఏడవలేదు, బస్టాండ్‌లో ఏడవలేదు. అమ్మ చింతపండు చేతులతోనే వచ్చి దగ్గరకు తీసుకుంది. ఊరుకోబెట్టలేదు. "ఏడువు బిడ్డా, ఏడువు" అన్నది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. భయం ఉన్నది, కానీ బస్టాండ్‌లో కలిగిన భయం లాంటిది కాదు.

అంతలో వేణు సారు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టాను.

"కిరణ్మయీ, చూసుకున్నవా?"

"పోయింది సార్."

"తెలుసు, నేను చూసిన. ఇంకొందరికి గూడ పోయింది. సాయంత్రం బడికి రాండ్రి అందరు. సోమవారం నుంచి మల్ల చెప్త. సప్లిమెంటరీ జూన్‌లనే ఉంటది. వస్తవా?"

ముక్కు తుడుచుకొని, "వస్త సార్" అన్నది.

సాయంత్రం నేనే దింపాను. తిరిగి వచ్చేటప్పుడు పాత బడి మీదుగా వచ్చాం. గేటుకు పెద్ద బ్యానర్ కట్టారు, నూటికి నూరు శాతం ఉత్తీర్ణత అని, పిల్లల ఫోటోలతో. ఎర్ర పట్టీ సెక్షన్‌లో ఈమెతో కూర్చున్న పిల్లలు సగానికి పైగా మన లాగే టీసీలు తీసుకొని పోయారు. వాళ్ళెవరూ ఆ నూరులో లేరు. కారు నెమ్మది చేయకుండా దాటించాలనుకున్నాను. కానీ ట్రాఫిక్ ఆగింది. కిరణ్మయి అద్దంలోంచి ఆ బ్యానర్ మొత్తం చదివింది.

"గీ పిల్లలు మంచోళ్ళే నాన్నా, కింద సెక్షన్ల ఉండె" అన్నది. కారు కదిలాక, "మేం ఉంటె గట్ల రాసుకోకపోదురు" అన్నది.

ఇంటికి వచ్చాక అన్నం తిని, చేయి కడుక్కుంటూ చెప్పింది. "శుక్రవారం అమ్మ ఫోన్ చేస్తె ముందుగాల నాకియ్యి నాన్నా. బడి మారిన సంగతి, ఫోటో సంగతి, లెక్కల సంగతి అన్ని నేనే చెప్త. నువ్వు పక్కన కూసోకు. నానమ్మను గూడ బయటికి తీస్కపో."

"నేను జర ముందు చెప్పనా, అమ్మ పరేషాన్ కాకుండ?" అని అడిగాను.

"వద్దు. ఫెయిలైంది నేను. నేనే చెప్త."

సరేనని ఆమెకు మాట ఇచ్చి, ఆమెకు తెలియకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎందుకంటే నువ్వు తల్లివి. నాలుగేళ్ళుగా ఎవరి ఇంట్లోనో ఉంటున్నదానివి. ఒక్కసారిగా వింటే నీ నోటి నుంచి ముందు ఏ మాట వస్తుందో నీకే తెలియదు. ఆ మొదటి మాట ఆమెకు చాలాకాలం గుర్తుంటుంది. అందుకే నీ కోపం, నీ దుఃఖం ఈ కాగితం చదువుతూనే అయిపోవాలి. ఏడవాలంటే ఏడువు. సుబ్బలక్ష్మి అక్క పక్కనే ఉంటుంది, ఆమెకు కొంత చెప్పాను. నన్ను తిట్టాలంటే వచ్చే వారం తిట్టు, అంతా వింటాను. నువ్వు అక్కడే ఉండాలా, వచ్చేయాలా అన్నది కూడా తర్వాత మాట్లాడుకుందాం. బడి కోసమని మాత్రం ఇక ఉండనక్కరలేదు.

రేపు బిడ్డ గొంతు మొదట సన్నగా ఉంటుంది. తొందరపెట్టకు. మధ్యలో ఆగితే నువ్వు నింపకు. "అమ్మా, లెక్కలు పోయినయి" అన్నప్పుడు మొదటిసారి విన్నట్టే విను. ఎన్ని మార్కులని అడగకు. తర్వాత ఏం చేస్తవు బిడ్డా అని ఒక్క మాట అడుగు. దానికి ఆమె దగ్గర జవాబు ఉంది.

ఇట్లు,
కిరణ్మయి నాయన,
మధుకర్